డబల్ బావలో రెండో బావ

ఆ రోజుల్లో పాటగాడు అనిపించుకోవడం చాలా సులువు. ఫోన్లో ఎవరిదో పాట పెట్టుకుని, దానికి పెదాలు ఆడించి, చెయ్యి అటూ ఇటూ తిప్పితే ఊళ్ళో వాళ్ళంతా చూసి మెచ్చుకునేవారు. కరోనా వచ్చి మా కూలీల క్యాంపు గేట్లు మూసిన కాలం సంగతి చెబుతున్నాను. అట్లాంటి కాలంలో నిజంగా వేళ్ళతో వాయించి, నిజంగా గొంతు విప్పి పాడిన జంట ఒకటి అబుదాబి పక్కన ముసఫ్ఫాలో ఉండేది. ఆ జంటలో ఒకడిని నేను. రెండోవాడి గురించి అడిగితే ఇప్పటికీ ఆ చుట్టుపక్కల క్యాంపుల్లో గుర్తుపడతారు. నా గురించి అడిగితే "ఆ డబ్బా పట్టుకొని నిలవడేటోడా" అంటారు. (అది డబ్బా కాదు, కీబోర్డు. ఇదంతా రాస్తున్నది సగం ఈ ఒక్క ముక్క చెప్పడానికే. ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి, రాయడం ఇదే మొదలు, తప్పులుంటే సర్దుకోండి.)

నాది జగిత్యాల పక్క పల్లె. ఐకాడ్ అనే ఫ్యాక్టరీల పేటలో ఇనుప తలుపులు చేసే వర్క్‌షాపులో హెల్పర్ని. నా పై మంచం మీద పడుకునే ఆయన అదే కంపెనీలో వెల్డరు, మా ఊరికి రెండు ఊళ్ళ అవతలి మనిషి. గల్ఫ్‌కి వచ్చాక పక్క ఊరివాళ్ళు ఏదో ఒక వరుస కలుపుకోవలసిందే కాబట్టి ఆయన నన్ను బావా అన్నాడు, నేనూ ఆయన్ని బావా అన్నాను. బావకు గొంతు ఉంది. వెల్డింగు పొగ ఇన్నేళ్ళు మింగినా ఆ గొంతు ఎట్లా నిలిచిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. నా దగ్గర ఏమీ లేకుండేది. ఊరికి వెళ్ళిపోతున్న ఫిలిప్పీన్స్ అతను సామాను బరువు ఎక్కువైందని కీబోర్డు ఒకటి మా గదిలో వదిలిపోయాడు. దాంట్లో కొన్ని మీటలు పలకవు. పలికేవాటితోనే, గేటు దాటి బయటికి పోయే దారి లేని ఆ నెలల్లో, నేను సొంతంగా వాయించడం నేర్చుకున్నాను.

గదిలో సాధన కుదరదు. రాత్రి షిఫ్టు వాళ్ళు పగలు పడుకుంటారు, శబ్దం చేస్తే చెప్పులు వస్తాయి. అందుకని మా సాధన అంతా క్యాంపు వంటగదిలో. పొయ్యిల పక్కన కీబోర్డు పెట్టుకుని నేను బీటు వేస్తే బావ పాడేవాడు. కంపెనీ బస్సు మీద, పొద్దున బాత్రూం ముందు వరస మీద, ఊర్లో కట్టిస్తున్న ఇంటి స్లాబు మీద మేమే పాటలు కట్టాం. మిషన్ బీటు మీద మన పల్లె పాట. అప్పటికి మా క్యాంపులో అట్లాంటిది ఎవరూ వినలేదు. ఒక్కటే ఇబ్బంది. బావకు పాట వచ్చు కానీ లెక్క రాదు. మధ్యలో కీబోర్డు ఒక్కటే మోగి, మళ్ళీ పాట ఎక్కడ ఎత్తుకోవాలో ఆయనకు తెలిసేది కాదు. అప్పుడు నేను గడ్డం పైకి లేపేవాణ్ణి. గడ్డం లేవగానే బావ ఎత్తుకునేవాడు. చూసేవాళ్ళకు అది కనపడదు. నేను కదలకుండా నిలబడ్డాననే అనుకుంటారు.

మా స్టోర్ కీపర్ నెల్లూరు భాయ్. ఆయన ఒకసారి వంటగదికి టీ కోసం వచ్చి, విని, ఎవరూ అడగకుండానే మాకు మేనేజర్ అయిపోయాడు. "గొంతు ఉంటే చాలదబ్బా, స్టైల్ ఉండాల. ఇద్దరికీ ఒకే డ్రెస్సు, ఒకే కళ్ళద్దాలు. చూసినోడు నోరు తెరవాల" అని చెప్పి, మా ఇద్దరికీ కొత్త నీలం కవరాల్, వెల్డింగు దగ్గర పెట్టుకునే నల్ల అద్దాలు స్టోరులోంచి తీసిచ్చాడు. 'డబల్ బావ' అని పేరు కూడా ఆయనే పెట్టాడు. బస్సు పాట వీడియో క్యాంపు క్యాంపుకూ తిరిగింది. గేట్లు తెరిచాక, ఒక సూపర్ మార్కెట్ ప్రారంభానికి పిలిచారు. వెళ్ళి చూస్తే గుమ్మం మీద పెద్ద బ్యానరు. 'డబల్ బావ' అని అక్షరాలు, కింద బావ ముఖం ఒక్కటే. పక్కన కీబోర్డు బొమ్మ, ఆ కీబోర్డు మీద రెండు చేతులు. మణికట్టు దాకా నావే.

"భాయ్, డబల్ అని రాసి ఒక్కని మొఖం ఏస్తరా?" అన్నాను.

"చేతులు నీవే కదప్పా. ఎవురూ కాదన్లేదే."

"చేతులు జూసి మా అవ్వ గుర్తువట్టది భాయ్."

"ఈసారికి సర్దుకో. యల్లా, మైకు పట్టు" అన్నాడు. మైకు పట్టమన్నది బావని. నాకు మైకు ఎప్పుడూ లేదు. నా ఒళ్ళు అప్పటికే మండుతోంది కానీ అసలు మంట ముందు ఉంది.

కరోనా తగ్గి హాళ్ళు తెరిచిన ఏడాది మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో తెలుగువాళ్ళ బతుకమ్మ పండుగకు మమ్మల్ని పిలిచారు. పెద్ద హాలు, కుటుంబాలు, పట్టుచీరలు. మా క్యాంపు పాట అట్లాంటి హాలు దాకా రావడం అదే మొదటిసారి. ముదీర్, అంటే మా వర్క్‌షాపు పై అధికారి, దగ్గర నిలబడి సెలవు తెచ్చుకున్నాను. ఊరికి ఫోన్ చేసి "వీడియో పంపిస్త, ఇద్దరం స్టేజి మీద ఉంటం" అని మా అవ్వకు చెప్పాను. నాకు కావలసింది అంతే. బావ పక్కన, మొత్తం మనిషిగా, ముఖంతో సహా కనపడడం.

కీబోర్డు దుప్పట్లో చుట్టి భుజాన వేసుకుని హాలు చేరాను. స్టేజి చూసుకునే మేడం చాలా మర్యాదగా మాట్లాడింది. "కీబోర్డు ఎందుకండీ, మీ మేనేజర్ గారు ట్రాక్ పంపించారు కదా. పైన ప్లేసు కూడా లేదు. మీరు కింద కూర్చుని హాయిగా చూడండి."

ట్రాక్ అంటే ఏమిటో చెబితే మీకూ కోపం వస్తుంది. నా డ్యూటీ, బావ డ్యూటీ కలవని రోజుల్లో బావ మంచం మీద పడుకుని మాటలు బట్టీ పట్టుకోవాలని, వంటగదిలో కూర్చుని నేనే నా వాయింపు ఫోన్లో పట్టి ఆయనకు ఇచ్చాను. బావ మేలు కోరి చేసిన పని. దాన్ని భాయ్ తీసుకుని నన్ను దించడానికి వాడాడు. నేను బావ వైపు చూశాను. బావ తన బూట్ల వైపు చూసుకున్నాడు. "మా బావ లేనిది నేను పాడ" అని ఆయన అంటాడని నేను ఎదురుచూసినంతసేపూ ఆ మేడం నాకు కుర్చీ చూపిస్తూనే ఉంది.

ముందు వరసలో కూర్చున్నాను, దుప్పటి మూట ఒళ్ళో పెట్టుకుని. (పక్కన కూర్చున్న ఆవిడ ఆ మూటలో పాప నిద్రపోతోందనుకుని మెల్లగా మాట్లాడింది.) బావ ఒక్కడే నల్ల అద్దాలు పెట్టుకుని నిలబడ్డాడు. బీటు మొదలైంది. అంత పెద్ద స్పీకర్లలో నా వాయింపు నేనే ఎప్పుడూ వినలేదు. గుండె పొంగింది, ఆ పొంగిన గుండెకే మళ్ళీ కోపం వచ్చింది. మొదటి చరణం బాగా పోయింది. తర్వాత కీబోర్డు ఒక్కటే మోగే చోట, హాలు దద్దరిల్లేలా కుక్కరు కూసింది.

క్యాంపు వంటగదిలో ఎప్పుడు చూసినా ఒకటి కాకపోతే ఒకటి కుక్కరు కూస్తూనే ఉంటుంది. మా చెవులకు అది గాలితో సమానం. నేను రికార్డు చేసేటప్పుడు వినలేదు, బావ నెలల తరబడి విన్నా వినలేదు, భాయ్ కూడా వినలేదు. ఇక్కడ హాలంతా వింది. ఆడవాళ్ళు తలలు తిప్పి భోజనాల గది వైపు చూశారు. ఇంకోటి కూసింది. ఆ వెనకే నా గొంతు, స్పీకర్లలో, "ఎవల్దిరా కుక్కరు, పప్పు మాడుతున్నది" అని. జనం పగలబడి నవ్వారు. బావకు ఏమీ అర్థం కాలేదు. పాట ఎత్తుకోవలసిన చోటు దాటిపోయింది. బీటు తిరిగి తిరిగి వస్తోంది, ఆయన నోరు తెరుస్తున్నాడు, మూస్తున్నాడు. నల్ల అద్దాలు తీసేసి కింద నా కోసం వెతకడం మొదలుపెట్టాడు.

కనపడ్డాను. చేతులు కట్టుకుని బిగుసుకుని కూర్చున్నాను. గడ్డం లేపనంటే లేపననుకున్నాను. కానీ వాయించింది నేను. నా బీటు దిక్కు లేకుండా అట్లా తిరుగుతుంటే చూడడం నా వల్ల కాలేదు. లేచి నిలబడి, బీటు రావలసిన చోటికి రాగానే గడ్డం పైకి ఎత్తాను. బావ ఎత్తుకున్నాడు. హాలు చప్పట్లతో ఊగింది. నేను కూర్చుంటే మళ్ళీ ఆయనకు కనపడను కాబట్టి నిలబడే ఉన్నాను.

"అన్నా, కూసో. మాకు కనవడ్తలేదు" అని వెనక నుంచి ఒకాయన.

"ఆ మూట మనిషిని కూర్చోమనండీ" అని ఇంకొకావిడ.

ఎవరి పాట నిలబెట్టడానికి నేను నిలబడ్డానో చెప్పే తీరికైనా ఇవ్వలేదు. మెడలో కార్డు వేసుకున్న ఒకతను వచ్చి నా మోచెయ్యి పట్టుకుని లాగుతున్నాడు, నేను గడ్డం ఎత్తుతూనే ఉన్నాను. పాట అట్లాగే పూర్తయింది. 'కుక్కరు పాట మళ్ళీ' అని జనం అరిచారు. బావకు శాలువా కప్పారు. మేడం నవ్వుతూ "ఆ కుక్కరు ఐడియా ఎవరిదండీ, చాలా కొత్తగా ఉంది" అని అడిగింది. నెల్లూరు భాయ్ ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని "నాదే మేడం" అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. బావే మొదలుపెట్టాడు.

"మేడం అన్నప్పుడు నేను మాట్లాడాల్సుండె బావా. గా హాలు జూసే సరికి నా నోరు ఎండిపాయె."

"పాడేటప్పుడు ఎండలేదుగా."

"ఎండింది. నువ్వు లేచి నిలవడ్డంక తడైంది."

"ఇంకోపారి నన్ను కింద కూసోవెడ్తే ఖలాస్. నీ పాట నీది, నా పెట్టె నాది."

"కూసోవెట్ట. ఎక్కితే ఇద్దరం, లేకుంటే లేదు."

ఆ మాట మీద బావ నిలబడ్డాడు. తర్వాత పిలిచిన వాళ్ళందరికీ గొంతు, ట్రాకు సరిపోతాయి, ఇంకో మనిషి అక్కర్లేదు. బావ ప్రతిసారీ "ఇద్దరం వస్తం" అన్నాడు, వాళ్ళు ఫోన్ పెట్టేశారు. భాయ్ నెత్తి కొట్టుకున్నాడు. పిలుపులు ఆగిపోయాయి. నేను మాత్రం గెలిచినవాడిలా వంటగదిలో ఛాతీ విరుచుకుని తిరిగాను. కొన్నాళ్ళకు బావ కాంట్రాక్టు అయిపోయి ఊరికి వెళ్ళిపోయాడు. డబల్ బావ అక్కడితో ముగిసింది.

ఇప్పుడు బావ ఊర్లో టెంటు సామాను అద్దెకిస్తూ, పెళ్ళిళ్ళలో పాడుతున్నాడు. మొన్న ఫోన్ చేశాడు. ఎవరితో పాడుతున్నావని అడిగాను, గొంతులో ఏమీ తెలియకుండా.

"కీబోర్డు కొట్టెటోళ్ళు మస్తుమంది దొరుకుతున్నరు బావా. మంచిగనే కొడ్తరు. కానీ నన్ను కోపం జేసెటోడే దొరుకుతలేడు."

"నేను నిన్నెప్పుడు కోపం జేసిన?" అని గట్టిగా అరిచాను. గదిలో పడుకున్నవాళ్ళు లేచారు. అటువైపు నుంచి బావ నవ్వుతున్నట్టు ఊపిరి వినపడింది. ఆ కాలంలో కుర్రవాడిగా ఉన్న నన్ను తలుచుకుని నాక్కూడా నవ్వు వచ్చింది. దాన్ని ఆపుకుంటూనే, ఆ బ్యానరు సంగతి ఇంకోసారి మొదటి నుంచీ ఎత్తుకున్నాను.