అప్పన్న ఒంటివేలి బాంజో

1926 వానాకాలం. రంగూన్‌లో చౌక్తడా పేటలో, ఆఫీసుల వెనక సందులో నాకొక చిన్న వర్క్‌షాపు ఉండేది. సినిమా హాళ్లలో మూగబొమ్మలకు వాయించే బృందాలకు బాంజోలు చేసి ఇచ్చేవాణ్ణి. గుండ్రటి చెక్క కట్టు మీద తోలు బిగించి, పొడుగాటి మెడ తగిలించి, తీగలు కడితే బాంజో. ఆ కట్టును రిమ్ అంటాం. మర తిప్పితే తోలును లాగి పట్టే ఇనప కొక్కేలు హుక్కులు. సగం డప్పు, సగం వీణ అనుకోండి. మా తాతలు శ్రీకాకుళం వైపు డప్పులు కట్టినవాళ్లు. ఆ సగం నాకు పుట్టుకతోనే వచ్చింది. మిగతా సగానికి మాత్రం చచ్చేంత పనయింది.

ఒక మధ్యాహ్నం అప్పన్న వచ్చాడు. సేక్కాన్ రేవులో మూటలు మోసే మనిషి. ఊళ్లో ఉన్నప్పుడు జముకుల కథ చెప్పేవాడు. జముకు అనే తోలు వాయిద్యాన్ని చంకలో ఇరికించుకుని, తోలుకు కట్టిన తీగను ఎడమచేత్తో లాగి పట్టి, కుడిచేత్తో మీటుతారు. రేవులో ఇనప గొలుసు చేతి మీద పడి, అతని ఎడమచేతికి బొటనవేలూ చూపుడువేలే మిగిలాయి.

"తీగ లాగి పట్టనేకపోతన్నాను బావూ," అన్నాడు. "ఆదివారం మేముండే బారాకులో కత సెప్పమన్నాడు మా కూలీల మేస్త్రీ. కుర్రోళ్లకి నచ్చితే నాకింత కూడెట్టి ఉంచుతాడంట. నేదంటే సోమారం ఓడెక్కించేత్తాడు. ఊరెల్లి ఏటి సేత్తాను? ఈ సేత్తో నాగలి కూడా పట్టనేను."

"ఏదీ, ఆ ఏలిలా జార్చు," అని మెడ చెక్క ముందు పెట్టాను. నాలుగు వేళ్ల పని ఆ వేలు చేయలేదు గానీ, చెక్క మీద అటూ ఇటూ ఎంత హాయిగా జారిందో! నా ఒళ్లు ఝల్లుమంది.

హాళ్లవాళ్లు అడిగే బాంజోలకు ఫ్రెట్లుంటాయి. వీణకు మెట్ల లాంటివి. వాటి మధ్య వేళ్లు మార్చి మార్చి నొక్కాలి. ఓడ వంటవాడొకడు రిపేరుకు తెచ్చిన పాతకాలపు బాంజోకు అవి లేవు. మెడంతా నున్నగా ఉండేది. పక్కనే ఒక పొట్టి తీగ. కుడిచేతి బొటనవేలితో దాన్ని తాకుతుంటే శ్రుతి మోగుతూనే ఉంటుంది. అలాంటిదొకటి చేయాలని అప్పటినుంచీ తహతహ. ఇదిగో, దానికి తగ్గ మనిషి దొరికాడు! మిగతా పనులన్నీ పక్కన పడేశాను. టేకు చెక్కను చిత్రిక పట్టి పట్టి నునుపు చేశాను. తిండి కూడా గుర్తు రాలేదు.

ఆదివారం సాయంత్రం బాంజో పట్టుకుని నేనూ వెళ్లేసరికి బారాకు నిండిపోయింది. బయట వాన దంచుతోంది. తేమకు తోలు మెత్తబడి, బాంజో తడిగుడ్డను కొట్టినట్టు పలికింది. హుక్కులన్నీ చివరికంటా తిప్పేశాను. ఇంకొక్క చుట్టు తిప్పితే తోలు చిరుగుతుంది. చాప మీద కూర్చున్న మేస్త్రీ ఆవలించాడు.

అప్పన్న చటుక్కున లేచి, మూలనున్న వంటపొయ్యి దగ్గరికి వెళ్లి, బాంజోను నిప్పుల మీదకు వంచాడు. ఊళ్లో డప్పుకు చేసేది అదే కదా!

"ఓర్నాయనో! ఆగు, సీలిపోద్ది!" అని అరుస్తూ దూకి లాక్కున్నాను.

"సెగ తగలకండా తోలెలగ పలుకుద్ది బావూ?" అన్నాడు బిక్కమొహం వేసి.

అతనన్నదీ నిజమే. కానీ అంత బిగించిన తోలు సెగకు ఇంకా ముడుచుకుంటే పగిలి తీరుతుంది. డప్పుకు హుక్కులు లేవు, దీనికి ఉన్నాయి. ఉన్నాయి కాబట్టి వదులు చేయొచ్చు! గబగబా అన్నిటినీ వదులు చేసి, "ఇప్పుడు సెగ సూపించు," అన్నాను. చెరో పక్కా పట్టుకుని, దూరం నుంచే తిప్పుతూ కాచాం. తోలు బిగిసింది. అప్పన్న మీటాడు. ఖంగుమంది! నేను ఎగిరి గంతేశాను. సిగ్గేమీ పడలేదు.

కథ మొదలైంది. ఆ ఒక్క వేలు జారుతుంటే, కథలో ఏడ్చే చోట బాంజో కూడా ఏడ్చింది. వెనక నిలబడ్డ కుర్రాళ్లు ముందుకు జరిగి కూర్చున్నారు. కథ సగంలోనే మేస్త్రీ వంటవాడికేసి తిరిగి, "రేపట్నుంచి సోలెడు బియ్యం ఎక్కువెయ్యి. ఈడు ఓడెక్కడు," అన్నాడు.

అంతవరకూ బాంజో చేసి చేతికిస్తే నా పని అయిపోయిందనుకునేవాణ్ణి. ఇప్పుడలా కాదు. వాయించేవాడు ఎక్కడ కూర్చుంటాడో అక్కడికి వెళ్లి, అది పలికేదాకా పక్కనే ఉంటాను. హాళ్లవాళ్లు నాకు చాదస్తమంటారు. అననీ. ఆ ఆదివారం వానకు భయపడి నేను ఇంట్లోనే ఉండి ఉంటే, సోమవారం అప్పన్న ఓడలో ఉండేవాడు.