మామయ్య చూపించిన ఊరు

కొత్తగా కాపురం పెట్టిన రోజుల్లో మనిషికి తను ఉంటున్న ఊరు తప్ప మిగతా ఊళ్ళన్నీ బాగానే కనిపిస్తాయి. మాకూ అలాగే కనిపించేవి. అప్పుడు మేము నాంపల్లి స్టేషన్ వెనక సందులో రెండు గదుల్లో ఉండేవాళ్ళం. మా ఆయన ఆబిడ్స్‌లో ఒక కాంప్లెక్స్ సెల్లార్‌లో ప్రింటర్లు బాగుచేసేవాడు. నేను నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్న బడిలో మూడో తరగతికి టీచర్ని. ఆదివారం సాయంత్రం మొజంజాహీ మార్కెట్ దాకా నడిచి, ఐస్‌క్రీం తింటూ, ఈ ఊరిని తిట్టుకోవడం మా సరదా. గాలి లేదు, నీళ్ళు రావు, పక్కింటివాళ్ళ మిక్సీ మన తలలోనే తిరుగుతుంది. (పొద్దున్నే పిల్లలంతా 'గుడ్ మార్నింగ్ టీచర్' అంటుంటే ఆ బడి కూడా ఈ ఊళ్ళోనే ఉందన్న సంగతి నాకు గుర్తొచ్చేది కాదు.)

అలాంటి సమయంలో మా ఆయన మేనమామ నిజామాబాద్ నుంచి వచ్చాడు. భోజనం చేస్తూ గదులు రెండూ కలియజూసి నిట్టూర్చాడు. "ఏంది బిడ్డా, గిట్ల గూట్ల ఉన్నట్టు ఉంటున్నరు. మా దిక్కు రండి. పెద్దిల్లు, పెరడు, బోరు నీళ్ళు. ప్రింటర్లు బాగుచేసెటోడు ఊర్ల ఒక్కడు లేడు. వీడొచ్చి దుకాణం పెడితే లైన్ కడ్తరు." మా ఆయనకు సొంత దుకాణం కల. నాకు పెరట్లో కరివేపాకు చెట్టు ఉండాలని కోరిక. మామయ్య ఆ రెండూ ఒకే ముద్దలో కలిపి మా ఇద్దరికీ పెట్టాడు. వెళ్ళేముందు మా ఇల్లుగలామెతో మెట్ల దగ్గర నిలబడి చాలాసేపు మాట్లాడాడు. ఎంత కలుపుగోలు మనిషో అని మురిసిపోయాను.

సెలవులు చూసుకుని బయల్దేరాం. మా ఆయన ఉత్సాహం ఆపుకోలేక ఇల్లుగలామెతో "మేం జల్దీ ఊరు మారుతున్నం" అని చెప్పేశాడు కూడా. నేను బస్సులో కిటికీ పక్కన కూర్చుని, చూడని ఇంటికి ఏ రంగు కర్టెన్లు కట్టాలా అని ఆలోచించాను.

ఊరు నిజంగానే బాగుంది. ఆ మాట ఇప్పటికీ అంటాను. రోడ్లు వెడల్పు, మనుషులు నెమ్మది. మామయ్య స్కూటర్ మీద మా ఆయన్ని, వెనక ఆటోలో నన్నూ తన భార్య అత్తమ్మనూ ఊరంతా తిప్పాడు. ఖిల్లా చూపించి, దాన్ని తానే కట్టించినట్టు నిలబడ్డాడు. బజారులో మాత్రం చిన్న ఇబ్బంది ఎదురైంది. ప్రింటర్లు బాగుచేసే దుకాణం ఒకటి కనిపించింది, దానికి ఎదురుగానే ఇంకొకటి. మామయ్య అటు చూడకుండా స్కూటర్ వేగం పెంచబోయాడు గాని మా ఆయన దిగి లోపలికి వెళ్ళాడు. దుకాణంలోని అబ్బాయి, ఈయన ఆబిడ్స్‌లో పనిచేస్తాడని తెలియగానే కుర్చీ వేశాడు, చాయ్ తెప్పించాడు. "అన్నా, గాడ ఏదన్న పని ఉంటే చూడరాదు? ఈడ దినమంత ఖాళీ కూసుంటున్న" అన్నాడు. మా ఆయన చాయ్ సగంలో వదిలేసి బయటికొచ్చాడు.

ఆ సాయంత్రం వంటింట్లో అత్తమ్మతో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నాను. కిటికీలోంచి కరివేపాకు చెట్టు కనిపిస్తోంది. "ఇది మీకు వదిలిపోవుడే నాకు బాధ బిడ్డా. నీళ్ళు పోస్తవు గద" అంది. ఎక్కడికి పోతున్నారని అడిగాను. అత్తమ్మ నా ముఖం చూసి కాయలు పక్కన పెట్టింది. "మీ మామ చెప్పలేదా? మా పిల్లకు హైద్రాబాద్ కాలేజీల సీటొచ్చింది. మేం గాడికే పోతున్నం. ఇల్లు బయటోళ్ళకిస్తే ఖరాబ్ చేస్తరు, మీరైతే మనోళ్ళు అన్నడు."

తిరుగు బస్సులో ఇద్దరం పగలబడి నవ్వుకున్నాం. ఇంటికి కాపలా కోసం ఇంత నాటకమా అనుకున్నాం. ఎక్కడికీ పోనక్కర్లేదు, మన నాంపల్లే మనకు చాలు అని మా ఆయన తీర్మానించాడు. దారిలో తిన్న మిర్చి బజ్జీలు కూడా తెలివైనవాళ్ళు తిన్నట్టే తిన్నాం.

ఇంటికొచ్చేసరికి ఇల్లుగలామె మెట్ల మీదే కూర్చుని ఉంది. "సామాన్లు ఎప్పుడు తీస్తరు బిడ్డా?" అంది మామూలుగా. మేము మారడం లేదమ్మా అన్నాను. "గట్లంటె ఎట్ల? మీ ఆయననే చెప్పిండు గద. మీ మామ గీ ఇంట్ల తామే దిగుతమని నిన్న బయానా పంపిండు. మీవోళ్ళే గద, ఇంక ఫికర్ ఏముందని ఔ అన్న."

మా ఆయన అక్కడే నిలబడి మామయ్యకు ఫోన్ చేశాడు. స్పీకర్లో ఆ గొంతు ఎంతో ప్రేమగా వినిపించింది. "ఇంటికి ఇల్లే గదరా. మీరు గీడకొస్తరు, మేం గాడికి వస్తం. పిల్ల కాలేజీ కూడ దగ్గర."

"మేం వస్తలేం మామా."

"అరె, గా మాట జర ముందు చెప్పాలె గదరా" అన్నాడు నొచ్చుకుంటూ.

బతిమాలాం, పోట్లాడాం. చుట్టాలంతా మామయ్య వైపే మాట్లాడారు. ఆడపిల్ల చదువు అడ్డం పెడితే ఎవరు మాత్రం ఏమనగలరు? దగ్గర్లో మాకు అందే కిరాయికి ఇల్లు దొరకలేదు. ఊరి చివరకు పోయాం. రెండు బస్సులు మారి బడికి కొన్నాళ్ళు తిరిగాను. పాప కడుపులో పడ్డాక డాక్టరమ్మ ఆ తిరుగుడు వద్దంది. మూడో తరగతిని మధ్యలోనే వేరే టీచరుకు అప్పగించి వచ్చాను. ఆ రోజు ఇంటికొచ్చి ఏడ్చానా అంటే, ఏడవలేదు, బస్సులోనే అయిపోయింది.

మొన్న ఆబిడ్స్‌కు పాప యూనిఫారం కోసం వెళితే అత్తమ్మ ఎదురుపడి బలవంతాన నాంపల్లి ఇంటికి తీసుకెళ్ళింది. నా వంటింట్లో నన్ను కుర్చీలో కూర్చోబెట్టి చాయ్ ఇచ్చింది. కూతురి చదువు అయిపోయి ఉద్యోగం కూడా వచ్చిందట, వీళ్ళు మాత్రం ఇక్కడే ఉండిపోయారు. మామయ్య లోపల్నుంచి వచ్చి, గాలి లేదు, నీళ్ళు రావు అని మొదలుపెట్టాడు. "నిజామాబాద్ ఇల్లు ఇంకా ఖాళీగనే ఉంది బిడ్డా. ఆలోచించుకోండి" అన్నాడు చివర్లో.

నవ్వొచ్చింది. కోపం రాలేదని కాదు, అది ఎప్పుడూ నవ్వు వెనకాలే నిలబడి ఉంటుంది. బయటికొచ్చి బడి గేటు ముందు నుంచి నడిచాను. లోపల ఏదో తరగతి ఎక్కాలు వల్లిస్తోంది. కర్టెన్ల రంగు ఆలోచిస్తూ బస్సు కిటికీకి తల ఆనించిన ఆ పిల్ల గుర్తొచ్చింది. ఇప్పటి నేను పక్క సీట్లో కూర్చుని చెప్పినా వినేది కాదులెండి. లేత ఆకుపచ్చ బాగుంటుందా అని నన్నే అడిగేది.