జొన్నగింజంత ముత్యం

మొన్న తొలకరి వాన పడిన మర్నాడు, మా వజ్రకరూరు చేలల్లోకి ఎప్పటిలాగే ఎక్కడెక్కడి జనమో దిగి, నడుములు వంచి ఎర్రమట్టిని కళ్లతో జల్లెడ పడుతుంటే, నేను వసారాలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్నాను. బెంగళూరు నుంచి సెలవులకొచ్చిన నా మనవరాలు పక్కనే రంగు పెన్సిళ్లు పరుచుకుని, వాళ్లమ్మ చిన్నప్పుడు పెరిగిన దీవి బొమ్మ వేస్తోంది. ఇల్లు వేసింది, కారు వేసింది, ఖర్జూరపు చెట్లు వేసింది, చివరికి సముద్రం దగ్గరికొచ్చి, అవ్వా, అక్కడ నీళ్లు ఏం కలర్ అని అడిగింది. ఎనిమిదేళ్లు ఆ దీవిలో కాపురం చేసినదాన్ని, ఇట్టే చెప్పాలి కదా! నాకు ఆ సముద్రం రంగు గుర్తు లేదు. మీ అమ్మనడుగు పో అని పంపేశాను. ఎందుకు గుర్తు లేదో నాకు బాగా తెలుసు. దానికి కారణం మా తోడికోడలు.

మా ఊరి సంగతి తెలియనివాళ్ల కోసం కాస్త చెప్పాలి. వానకు పైమట్టి కొట్టుకుపోయినప్పుడు మా చేలల్లో అప్పుడప్పుడు వజ్రం బయటపడుతుంది. వెతికేది ఊరంతా, దొరికేది ఏ ఒక్కరికో. అందుకే ఇక్కడ పుట్టినవాళ్లూ మెట్టినవాళ్లూ అందరూ తల వంచుకునే నడుస్తారు; పెళ్లిచూపుల్లో మా ఊరి పిల్ల తలెత్తకపోతే అది సిగ్గు అనుకునేరు, నేల వెతుకుతోందని మా ఆయన ఎగతాళి చేసేవాడు. మా అత్తగారింట్లో దీనికి తోడు ఇంకో ఆచారం ఉండేది. వానాకాలంలో చేనికి పోయిన ఆడవాళ్లు సాయంత్రం గడప తొక్కేముందు ఇంటి పెద్ద ఎదుట నిలబడి ఒడి దులపాలి. ఒడిలోగానీ కొంగుముడిలోగానీ రాయేదైనా ఉంటే అది ఇంటిది, దొరికినవాళ్లది కాదు. అత్తగారు పోయాక ఆ పెత్తనం మా బావగారి భార్యకు వచ్చింది. నేను ఆమెను అక్కా అని పిలిచేదాన్ని. ఇప్పటికీ అలాగే పిలుస్తున్నాను, నోటికి అలవాటైపోయింది మరి.

నా పెళ్లయిన నాలుగో ఏడు, మా అమ్మాయికి రెండేళ్లప్పుడు, కలుపు తీస్తుంటే నాకొక రాయి దొరికింది. శనగగింజంత ఉంటుందేమో, ముంతలో నీళ్లతో కడిగి ఎండకు పట్టుకుంటే ధగధగమంది. అది వజ్రమో, ఉత్త గాజురాయో నాకేం తెలుసు? గుట్టుగా కొంగున ముడేసుకుని మర్నాడు పుట్టింటికి పోయి ఉంటే అడిగే నాథుడు లేడు. అంత తెలివి ఏడిస్తేగా! సాయంత్రం గడప ముందు ముడి విప్పి అక్క అరచేతిలో పెట్టాను. ఆమె దాన్ని దేవుని గూట్లో, పసుపు గిన్నె వెనక పెట్టింది. తెల్లవారి చూస్తే లేదు.

తర్వాత జరిగింది తలచుకుంటే ఈ వయసులో కూడా నా చెవులు వేడెక్కుతాయి. బావగారు అరుగు మీద కూర్చుని మీసం సవరించుకుంటుంటే, అక్క నన్ను వీధి గడప ముందు నిలబెట్టి, ఇరుగుపొరుగు అంతా చూస్తుండగా, "ఇచ్చిన చేత్తోనే ఎత్తుకున్యావు గదా మే, దులుపు" అంది. కొంగు దులిపాను. ఒడి దులిపాను. జడ విప్పమంది, విప్పి విదిలించాను. ఇంకా ఏం విప్పించేదో, ఎదురింటి అవ్వ మధ్యలోకొచ్చి చాల్లేమ్మా అని అడ్డుపడింది. మా ఆయన గుంజకు ఆనుకుని తన కాలి బొటనవేలు చూసుకుంటూ నిలబడ్డాడు. ఆ రాయి ఏమైందో నాకు ఈనాటికీ తెలియదు. ఆ వారంలోనే బావగారు రెండుసార్లు, వజ్రాలు కొనే వ్యాపారులుండే గుంతకల్లుకు పోయి వచ్చారన్నది మాత్రం తెలుసు. అంతకుమించి నేనేమీ అనను, నా దగ్గర సాక్ష్యం లేదు, కసి ఒక్కటే ఉంది. విప్పిన జడ మళ్లీ అల్లుకుంటూ ఆ పూటే ఒట్టు పెట్టుకున్నాను, ఈమె జడ ఇదే గడప ముందు ఇలాగే విప్పించకపోతే నేను మా నాయన బిడ్డనే కాదని.

ఊళ్లో నాకు దొంగ అనే పేరు స్థిరపడింది. నేను నీళ్లకు పోతే కొళాయి దగ్గర మాటలు ఆగిపోయేవి. అది చూడలేక మా ఆయన, డీజిల్ ఇంజన్ల పని తెలిసినవాడు కాబట్టి, బొంబాయి మీదుగా బహ్రెయిన్ దీవికి, ఓడలు బాగుచేసే యార్డులో పనికి పోయాడు. ఏడాది తిరిగేసరికి నన్నూ మా అమ్మాయినీ పిలిపించుకున్నాడు. ఆ పొద్దు నోరు విప్పలేదన్న బాధ ఆయనకు లోపల ఉండిందేమో, శుక్రవారం వచ్చిందంటే చాలు, మమ్మల్ని ఇంట్లో కూర్చోనిచ్చేవాడు కాదు. ఏసీ పనిచేయని పాత కారు ఒకటి కొన్నాడు. పొద్దున్నే లేచి నేను బొరుగులు నానబెట్టి, తాలింపేసి ఉగ్గాని చేసి డబ్బాకెత్తేదాన్ని. ఆ బొరుగులు కూడా ఊరి నుంచి మూటగట్టి తెచ్చుకున్నవే, అక్కడి బొరుగులు నానబెడితే జావ అయిపోయేవి. ఆ డబ్బా, నీళ్ల సీసాలు, మా అమ్మాయి గొడుగు వెనక సీట్లో పడేసి బయలుదేరేవాళ్లం.

దీవి చిన్నది, ఈ కొస నుంచి ఆ కొసకు గంట ప్రయాణం, అయినా మా ఆయన ఎప్పుడూ ఏదో కొత్త చోటు పట్టుకొచ్చేవాడు. ఒకసారి పాత కోట, ఒకసారి సముద్రం మీద పక్క దేశానికి కట్టిన వంతెన, ఒకసారి ఎన్నడో పోయినవాళ్లను పూడ్చిన మట్టిదిబ్బలు. ఆ దిబ్బలు కనుచూపుమేర ఉండేవి, వాటి మధ్యనే జనం ఇళ్లు కట్టుకుని బట్టలారేసుకునేవాళ్లు. ఇంకోసారి ఎడారి నడిబొడ్డున ఒంటిగా నిలబడిన చెట్టును చూపించడానికి తీసుకుపోయాడు. నీటిచుక్క లేనిచోట ఎలా బతికిందా అని లోకమంతా వచ్చి చూస్తుందట. నాకు నవ్వాగలేదు. ఇట్లాంటి చెట్టును చూసేదానికి పెట్రోలు పోసుకుని ఇంతదూరం రావాల్నా, మన అనంతపురం జిల్లాలో మనుషులే అట్లా బతుకుతాండారు కదా అన్నాను. మా ఆయన పడీపడీ నవ్వాడు. ఆ నవ్వు వినడం నాకు అప్పటికి రెండేళ్ల తర్వాత అదే మొదలు.

అలాగే సాగి ఉంటే ఎంత బాగుండేదో! మా ఇంటి యజమాని తండ్రి ఒక ముసలాయన ఉండేవాడు. చిన్నప్పుడు బొంబాయిలో పెరగడం వల్ల ఆయనకు హిందీ వచ్చు, మాకు గుంతకల్లు ఉర్దూ వచ్చు, ఏదో ఒకలా మాటలు కలిసేవి. వాళ్ల నాయన ముత్యాల కోసం సముద్రంలో మునిగేవాడట. ఎవరు తెచ్చిన చిప్పలైనా పడవలో ఒకే కుప్పగా పోసి, సరంగు ఎదుట అందరూ కలిసి తెరిచేవాళ్లట. ఈ ముత్యం నాది అని చెప్పుకునే వీలు ఎవరికీ లేదు. పైగా దాచుకున్నారేమోనని నోళ్లు తెరిపించి చూసేవాళ్లట. ఇక్కడ కూడా ఒడి దులిపించేవాళ్లు ఉన్నారన్నమాట! నా ఒట్టు ఎలా తీర్చుకోవాలో అప్పుడే, ఆ ముసలాయన చేతి ఖర్జూరాలు తింటూనే, తట్టింది.

ఆ మరుసటి శుక్రవారం నుంచి నాకు కోటలూ వద్దు, వంతెనలూ వద్దు. నీళ్లు తీసే వేళకు, అంటే సముద్రం వెనక్కి పోయి అడుగు బయటపడే సమయానికి, ముసలాయన చూపించిన ఒడ్డుకు చేరేవాళ్లం. చీర కుచ్చిళ్లు ఎగదోపి, మోకాళ్ల లోతు నీళ్లల్లో, ఇసుకలో వంగి వంగి చిప్పలు ఏరేదాన్ని. వంగడం మా ఊరివాళ్లకు ఎవరు నేర్పాలి? మూడేళ్లు, ప్రతి శుక్రవారం, కత్తితో చిప్పలు తెరిచి తెరిచి అరచేతులు చీలికలైపోయాయి. మా ఆయన, మా అమ్మాయి కారు బానెట్ మీద కూర్చుని ఉగ్గాని తింటూ ఏవేవో కబుర్లు చెప్పుకునేవాళ్లు. రా మా, పక్షులొచ్చినాయి చూడు అని పిల్ల కేకేసేది. వస్తాండా అనేదాన్ని, పోయేదాన్ని కాదు.

చివరికి ముత్యం నాకు దొరకలేదు. ఎనిమిదేళ్ల మా అమ్మాయి ఆటకు ఏరుకొచ్చిన చిప్పను ముసలాయన తెరిస్తే అందులో ఉంది, జొన్నగింజంత, కాస్త పసుపుపచ్చగా. పిల్ల ఎగిరి గంతేసి, నాది, నా పెన్సిల్ డబ్బాలో పెట్టుకుంటా అంది. నేను దాని గుప్పిట విప్పి తీసుకున్నాను. దొరికితే నీది అవుతుందా, ఇంటిది అన్నాను. ఆ మాట ఎవరిదో, ఎక్కడ విన్నదో అప్పుడు నాకు తట్టనేలేదు, అంత సంతోషంలో ఉన్నాను.

మరుసటి ఏడు దేవరకు, అంటే మా ఊరి అమ్మవారి జాతరకు, ఊరికొచ్చాం. దేవర ముందురోజు అరుగు నిండా ఆడవాళ్లు ఉన్నప్పుడు ముత్యం తీసి అందరికీ చూపించాను. మా అమ్మాయికి సముద్రంలో దొరికింది, ముక్కుపుడక చేయించేవరకు దేవుని గూట్లో పెట్టక్కా, నీ చేత్తోనే పెట్టు అని అక్క అరచేతిలో పెట్టాను. ఆమె నా ముఖంలోకి ఒక్క క్షణం చూసింది. వద్దనడానికి అంతమంది ఎదుట వీల్లేదు. పసుపు గిన్నె వెనకే పెట్టింది. తెల్లవారుజామున అక్క వాకిట్లో కళ్ళాపి చల్లుతుండగా నేనే తీశాను, తీసి నా తలనొప్పి మాత్రల సీసాలో వేశాను. తిరిగి చూస్తే మా అమ్మాయి చాపమీద లేచి కూర్చుని ఉంది. నోటిమీద వేలు పెట్టి సైగ చేశాను. అది మళ్లీ పడుకుంది.

ఇంక చూడండి! ముత్యం పోయిందని నేను ఎత్తుకున్న గొంతుకు వీధి వీధంతా వచ్చింది. ఎవరినీ ఒక్క మాట అనలేదు, నేనంత తెలివితక్కువదాన్నా? మన ఇంటి ఆచారం ఉండనే ఉంది కదా, అందరం ఒడి దులుపుదాం, ముందు నేనే దులుపుతా అని గడప ముందు నిలబడి దులిపాను. ఆ తర్వాత అక్క వైపు తిరిగాను. మా ఆయనకు సంగతి అర్థమై దగ్గరికొచ్చి, "ఇడిసిపెట్టు మే, పెద్దామె" అన్నాడు.

"ఆ పొద్దు ఈ నోరు యాడ పెట్టుకుంటివి?" అన్నాను, అందరికీ వినపడేలా.

అక్క కొంగు దులిపింది. వక్కపలుకు, మడిచిన తమలపాకు, కాగితంలో చుట్టిన బెల్లంముక్క ఒకటి కింద పడ్డాయి. ఆ బెల్లం మా అమ్మాయి కోసం దాచినదని దాని కళ్లు చూస్తేనే తెలిసింది. జడ కూడా అక్కా అన్నాను. బావగారు లేచి లోపలికి పోయారు. ఆమె నిదానంగా పిన్నులు తీసి, జడ విప్పి, నడుము వంచి విదిలించింది. ఏడేళ్లలో సగం నెరిసిపోయింది ఆ జుట్టు. లేస్తూ నా చెవి దగ్గర, నాకూ నా పక్కన ఉన్న పిల్లకూ తప్ప ఎవరికీ వినపడకుండా, "సాలా మే? కడుపు సల్లగయ్యెనా?" అంది.

అయింది. అబద్ధమెందుకు, చల్లగా అయింది! ఆ పూట ఓళిగలు రెండు ఎక్కువే తిన్నాను. నేను పశ్చాత్తాపపడ్డానని రాస్తే చదివే మీకు ఊరటగా ఉంటుందని తెలుసు, కానీ పడలేదు, ఇప్పటికీ పడలేదు. కొళాయి దగ్గర ఆడవాళ్లు నాకు బిందె ముందుకు జరిపిన ఆ సాయంత్రాన్ని నేను దేనికీ మార్చుకోను. అయితే పోయిందని ఊరంతా చాటిన ముత్యాన్ని ఇక ఏ ముక్కుకు పెట్టుకుంటాను? అది మాత్రల సీసాలోనే ఉండిపోయింది. దీవికి తిరిగి వెళ్లాక శుక్రవారం రోజు నేను ఉగ్గాని డబ్బా సర్దితే, మా అమ్మాయి నేను రాను అంది. ఆ తర్వాత మూడేళ్లు అక్కడున్నా ఒక్కసారి కూడా నాతో ఒడ్డుకు రాలేదు. తండ్రితో పోయేది, నేను బయలుదేరితే మానేసేది.

ఇప్పుడు ఇల్లు రెండు వాటాలైంది, బావగారూ లేరు, మా ఆయనా లేడు. అక్కకు చూపు ఆనదు, అటు వాటాలో మంచం మీద ఉంటుంది, పొద్దున నేను పంపే గంజి తాగుతుంది. ఆ సంగతి తప్ప లోకంలో అన్నీ మాట్లాడుకుంటాం. ఒడి దులిపే ఆచారమూ పోయింది, దులిపించే పెద్దలూ లేరు, చేనికి పోయే ఆడవాళ్లు కూడా ప్యాంటు చొక్కాల మీదే పోతున్నారు. మొన్న సాయంత్రం సీసా వెతికి తీసి, ముత్యాన్ని మా అమ్మాయి చేతిలో పెట్టాను, ఇది నీదే, నీ బిడ్డకు చేయించు అని. అది ముట్టుకోకుండా చేయి వెనక్కి తీసుకుంది. "నాకొద్దు మా, దాన్ని చూస్తే పెద్దమ్మ జడ గుర్తొస్తాది" అంది, కోపం లేకుండా, కూర ఉప్పు ఎక్కువైందని చెప్పినట్టు.

ఆ తర్వాత బిడ్డ పక్కన కూర్చుని, ఒడ్డు దగ్గర పచ్చ వెయ్యి, పెసలు కడిగిన నీళ్లంత లేత పచ్చ, దూరం పోయేకొద్దీ నీలం, సాయంత్రమైతే అంతా తెలుపు అని ఒక్కో పెన్సిలూ ఎంచి అందించింది. నాయనా నేనూ ప్రతి వారం లెక్కబెట్టేవాళ్లం ఎన్ని రంగులు మారుతుందో అంది. మనవరాలు అన్నీ వేసి, ముందే వేసిన కారు బానెట్ మీద ఇద్దరిని కూర్చోబెట్టి, మరి అవ్వ ఎక్కడ అని అడిగింది. మా అమ్మాయి నా వైపు చూడకుండానే, నీళ్లల్లో ఒకచోట చిన్నగా, వంగిన వీపు ఒకటి గీసింది.