సైమి భుజానికి సరిపడే తుపాకి

మా ఊరు హాపోవారాలో సైమి కంటే పొట్టి మనిషి కావాలంటే బడిపిల్లల్లో వెతుక్కోవాలి. కొట్టంలో ఆవు పక్కన నిలబడితే ఇవతలివాళ్లకు ఆమె తలగుడ్డ తప్ప ఇంకేమీ కనబడేది కాదు. అలాగని అర్భకురాలనుకుంటే పొరపాటు. నిండు పాలక్యాన్లు రెండు చేతుల్లో రెండు పట్టుకుని, మోకాటి లోతు మంచులో రోడ్డు దాకా నడిచి వెళ్లే మనిషి. బలానికి లోటు లేదు, ఎముకే చిన్నది. ఆ చిన్న ఎముక మీదే ఆ ఏడు ఇంటి పరువంతా వచ్చి కూర్చుంది.

చలికాలంలో కట్టెలు చీల్చే యంత్రంలో పడి ఆమె భర్త ఓయివా కుడిచెయ్యి మణికట్టు దాకా పోయింది. మామ ఎమెలి కళ్లకు అప్పటికే పొరలు కమ్మాయి. మా ఊరి వేట సంఘం పద్ధతి ఒకటుంది. ఆకులు రాలే కాలంలో, గుర్రం కంటే ఎత్తుండే అడవి దుప్పుల్ని ఊరంతా కలిసి వేటాడతాం. ఇంటికొక తుపాకి. తుపాకి నిలిపిన ఇంటికే మాంసంలో వాటా, అడవిలో కాపు కాసే చోటు. ఒక్క ఏడు నిలపలేకపోయారా, ఆ చోటు పక్కింటికి పోతుంది, మళ్లీ రాదు. ఎమెలి చోటు చిత్తడినేల అంచున ఉంది. తరిమిన దుప్పి అక్కడ దాటక తప్పదు. దాని మీద కన్నెయ్యని ఇల్లు ఊళ్లో లేదు. పైకి మాత్రం అందరూ ఓయివా చేతిని చూసి అయ్యో పాపం అన్నవాళ్లే.

"నేను నిలబడతాను," అంది సైమి, ఒకరోజు అందరూ రొట్టె తింటుండగా. ఎవరూ అడగలేదు, ఎవరూ బలవంతపెట్టలేదు. ఎమెలి రొట్టె నమలడం ఆపి, లోపలికి వెళ్లి, గోడకున్న తన తుపాకి తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఆ ఇంట్లో మెచ్చుకోలు అంటే అదే.

నిలబడాలంటే ముందు గురి పరీక్ష గట్టెక్కాలి. మైదానం అవతల చెక్క దుప్పి బొమ్మ, దాని గుండె దగ్గర అన్నం పళ్లెమంత వలయం. నాలుగు తూటాలు పేలిస్తే నాలుగూ అందులోనే పడాలి. మామగారి తుపాకి ఆమెకంటే ఒక జానెడు పొట్టేమో, అంతే. వెనక చెక్కను భుజానికి ఆనిస్తే మీట దాకా వేలు అందదు. వేలు అందించుకుంటే చెక్క భుజం దాటి చేతికండ మీదకు జారుతుంది. ఇక పేలి వెనక్కి తన్నిందంటే కట్టు తెంచుకున్న గాడిదే. మొదటి తూటా వలయంలో పడింది. రెండోది అంచున పడింది. మూడోసారికి ఒంటికి బుద్ధొచ్చింది. తుపాకి పేలకముందే కళ్లు మూసుకుపోయాయి, భుజం వెనక్కి తప్పుకుంది, తూటా వెళ్లి బొమ్మ కాళ్ల కింద గడ్డిలో దూరింది. నాలుగోదీ దాని వెనకే పోయింది.

"ఏం సైమీ, దుప్పి గుండె గడ్డిలో ఉంటుందని నీకెవరు చెప్పారు?" అన్నాడు వేట పెద్ద రెయినో. "సరేలే, ఆగస్టు చివర్లో ఇంకోసారి పెడతాం. ఈలోగా కాస్త పొడుగెదుగు."

అందరూ నవ్వారు. సైమి కూడా నవ్వింది.

ఓయివా మాత్రం నవ్వలేదు. ఇంటికొచ్చి, ఇక ఒంటిచేత్తో తాను నడపలేని పడవ ఇంజను అమ్మేసి, పెళ్లాన్ని తీసుకుని కయానీ పట్నంలో తుపాకుల దుకాణానికి బయల్దేరాడు. అక్కడ కొట్టువాడూ ఓయివా మాట్లాడుకున్నారు, ఆమె తల పైనుంచే.

"ఆడమనిషికా? పొట్టి గొట్టం, తేలికైంది ఇవ్వాలి," అన్నాడు కొట్టువాడు. "ఇదిగో, బొమ్మలా ఉంటుంది."

"మా నాన్న తూటాలు ఇందులో పడతాయా?" అనడిగాడు ఓయివా. ఎమెలి చలికాలాలన్నీ కూర్చుని తన చేత్తో మందు కూరిన తూటాలు ఇంట్లో పెట్టెడున్నాయి.

"బ్రహ్మాండంగా పడతాయి."

"ఎలా ఉంది సైమీ?"

సైమి దాన్ని చేతుల్లోకి తీసుకుంది. చీపురుకట్టంత తేలిక. "బావుంది, తేలిగ్గా ఉంది," అంది. కాదనడానికి ఏముంది, నిజంగానే బావుంది. కొట్లో తుపాకులేవీ తన్నవు కదా.

పెట్టెడు తూటాలున్నాయని తుపాకి కొనడం, బొత్తాం దొరికిందని చొక్కా కుట్టించుకోవడమే. పొదుపు పేరు చెబితే మా ఊళ్లో ఎంత తెలివైనవాడైనా బోల్తాపడతాడు. మందు అదే, తూటా అదే, తుపాకి బరువు మాత్రం తగ్గింది. ఇదివరకు ఆ ఇనుమూ చెక్కా కొంత మింగిన తన్ను ఇప్పుడు మొత్తం భుజమే మింగాలి. ఇంటి వెనక ఇసుక గుంటలో మొదటి తూటా పేల్చగానే సైమికి పళ్లు కదిలినట్టయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఎలా ఉంది?" అన్నాడు వెనక నిలబడ్డ ఓయివా, చెయ్యి పోయిన తర్వాత మొదటిసారి మొహం వెలిగించుకుని.

"బావుంది," అంది సైమి.

ఆ ఒక్క మాటతో తలుపు గడియ పడింది. ఇక వెనక్కి ఎలా వస్తుంది? తనే నిలబడతానంది. తనే తేలిగ్గా ఉందని మెచ్చుకుంది. నొప్పి అంటే పడవ ఇంజను దండగ. మానేస్తానంటే మామగారి చోటు పరాయిపాలు. గోడ మీదికి చేరిన పాత తుపాకి పొడుగు, చేతికొచ్చిన కొత్తది మొరటు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పొద్దున పాలు పితికేటప్పుడు ఆవు డొక్కకు తల ఆనించి, ఈ ఆగస్టు రాకపోతే బాగుండునని ఏడ్చుకునేది. ఆవుకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

వారానికి మూడుసార్లు ఇసుక గుంటకు వెళ్లేది. ఎమెలి గుమ్మంలో కూర్చుని చప్పుడు వినేవాడు. పెట్టెలోంచి తూటాలు తనే తీసి ఆమె అరచేతిలో పెట్టేవాడు. "భుజం రాటుదేలుతుందిలే," అనేవాడు. రాటుదేలలేదు సరికదా, కాటుకరంగుకు తిరిగి, పసుపుపచ్చగా మారి, మానీమానకముందే మళ్లీ కమిలేది. బట్టల కింద ఎంతైనా దాచుకోవచ్చు. కానీ మా ఊళ్లో శనివారం వస్తుంది, శనివారం సౌనా, అంటే ఆవిరిస్నానాల గది, వెలుగుతుంది. మొగుడూ పెళ్లాం బట్టలు విప్పి ఒకే బల్ల మీద కూర్చుని చెమటలు పట్టించుకుంటారు. పెళ్లయిన నాటి నుంచీ వాళ్లిద్దరూ సౌనాకు విడివిడిగా వెళ్లిన శనివారం లేదు.

"నువ్వెళ్లు, దూడకు ఒంట్లో బాగాలేదు," అంది మొదటి శనివారం. తర్వాతి వారం పిండి పిసికేది ఉందంది. ఆ పై వారం తలనొప్పి. చివరికి సాకులూ అయిపోయాయి. ఓయివా వచ్చేశాక, చల్లారిపోతున్న పొయ్యి రాళ్ల దగ్గరకు ఒక్కతే వెళ్లి కూర్చునేది. అతను అడగడం మానేశాడు. పడకలో అటు తిరిగి పడుకోవడం మొదలుపెట్టాడు. చొక్కా కుడిచేతిని పగలంతా కిందికి లాక్కుని, కొస ముడేసి ఉంచేవాడు. ఇదంతా సైమి చూస్తూనే ఉంది. చూసి, తుపాకి తన్నులు తినడానికే ఒంట్లో శక్తి చాలక, ఊరుకుంది.

పరీక్ష ఇంకో వారం ఉందనగా, శనివారం సాయంత్రం, ఆమె ఒక్కతే సౌనాలో ఉండగా తలుపు తెరుచుకుంది. ఓయివా బట్టల్తోనే లోపలికొచ్చాడు. ఆమె గబుక్కున తువ్వాలు భుజం మీదికి లాక్కుంది. ఆవిరిలో అతనికి అది కనబడలేదు, లాక్కోవడం మాత్రం కనబడింది.

"చూడు సైమీ. ఒక్క మాట చెప్పెయ్, అయిపోతుంది."

"ఏం మాట?"

"నా మొండిచెయ్యి చూస్తే నీకు రోత పుడుతోంది. అవునా కాదా?"

ఇన్నాళ్లూ సైమి తన నొప్పి ఒక్కటే ఈ ఇంట్లో దాగి ఉందనుకుంది. ఎంత పొగరు! ఆమె తువ్వాలు తీసి కింద పడేసింది. మెడ మొదలు నుంచి చేతికండ దాకా నేరేడుపండు చితికినట్టుంది.

ఓయివా ఒక అడుగు ముందుకొచ్చాడు.

"ఎవరు కొట్టారే?" అన్నాడు, పిచ్చివాడిలా.

"నువ్వు కొన్న తుపాకి."

"మరి బావుందన్నావు కదే!"

"నువ్వు అలా నవ్వుతూ అడిగితే ఏమనమంటావు?"

ఓయివా బల్ల మీద కూలబడ్డాడు. "రెండు నెలలుగా నేను ఈ చేతికోసం ఏడుస్తున్నాను. నువ్వేమో భుజం కోసం ఏడుస్తున్నావు. ఇద్దరికిద్దరం గొడ్లమే," అన్నాడు. తర్వాత చొక్కా ముడి పళ్లతో విప్పుకున్నాడు. ఆ రాత్రి ఆవిరి కోసం రాళ్ల మీద నీళ్లు చాలాసార్లు పోశారు.

సోమవారం మళ్లీ కయానీ వెళ్లారు. ఈసారి ఓయివా గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. సైమి ఎండాకాలంలో మందపాటి ఉన్నికోటు తొడుక్కుని వచ్చింది. కొట్టువాడు నవ్వాడు. "వేట అక్టోబరులో కదయ్యా, చొక్కాతో నిలబడతానా?" అంది. కోటు మీదే ఒక్కొక్కటీ భుజానికి ఆనించి చూసింది. మెడ సాచకుండా కన్ను గురికి అందాలి, చెయ్యి సాగదియ్యకుండా వేలు మీటకు అందాలి. పొద్దుగూకేదాకా కొట్టంతా కిందామీదా చేసింది. చివరికి ఎవరో వాడి వదిలేసిన, రంగు పోయిన పొట్టి తుపాకి ఒకటి పట్టుకుంది. వెనక చెక్క ఎవరో కోసి కురచ చేశారు. తూటా సన్నం. మనిషి పొందికగా పట్టుకుంటే దుప్పికి ఆ సన్నం చాలు.

"కొన్నదానికంటే ఇదే బరువుంది కదే," అన్నాడు ఓయివా గుమ్మంలోంచి.

"బరువు నేను మోస్తాను. పాలక్యాన్లు మొయ్యట్లేదా? నేను మొయ్యలేనిది తన్ను."

కొట్టువాడు దానికీ దీనికీ చెల్లు అని మార్చి ఇచ్చాడు. ఇంటికొచ్చి ఎమెలి ముందు పెట్టారు. ముసలాయన తడిమి చూశాడు, కోసిన చెక్క దగ్గర వేలు ఆగింది.

"నా తూటాలు పడతాయా?"

"పడవు మామయ్యా," అంది సైమి. "ఆ తూటాలు నన్ను తన్నుతున్నాయి. భుజం చచ్చిపోయింది. ముందే చెప్పాల్సింది, చెప్పలేకపోయాను."

ఎమెలి లేచి, పెట్టెను కాలితో నెట్టుకుంటూ తీసుకెళ్లి తన మంచం కిందికి తోసేశాడు. ఆ రోజు నుంచి ఆమెతో మాట్లాడలేదు. ఆమె కాఫీ ఇస్తే తాగేవాడు, మా ఊరి అలవాటు ప్రకారం అందులో జున్నుముక్క వేస్తే తినేవాడు, కప్పు బల్ల మీద బోర్లించి లేచి పోయేవాడు. ఆగస్టు పరీక్షలో నాలుగు తూటాలూ వలయంలో పడ్డాయని ఓయివా అరుచుకుంటూ వచ్చి చెప్పినా, కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. గెలిచిందన్న మాటే గానీ సైమికి ఆ ఇల్లు ఇంకా ఇరుకైపోయింది. ఇసుక గుంటలో భుజం నొప్పి పుట్టినప్పుడైనా ఆ ముసలాయన తూటాలు అరచేతిలో పెట్టేవాడు.

అక్టోబరులో వేట మొదలైంది. రెండోరోజు, చిత్తడినేల అంచున, మంచు పొగలోంచి కొమ్ముల్లేని దుప్పి ఒకటి బయటికొచ్చి ఆమె ముందు ఆగింది. సైమి పేల్చింది. పేలుతున్నంతసేపూ కళ్లు తెరిచే ఉన్నాయి. దుప్పి నాలుగడుగులు వేసి ఒరిగిపోయింది.

సాయంత్రం రెయినో కొట్టంలో పంపకం. మాంసాన్ని కుప్పలుగా పోస్తారు. అందరిలోకీ పెద్దవాడు కుప్పలు కనబడకుండా గోడకేసి తిరిగి నిలబడతాడు. ఒక్కో కుప్ప మీద కట్టె ఆనించి "ఇదెవరికి?" అంటే, తుపాకి నిలిపిన మనిషి పేరు ఒకటి ఆయన చెప్పాలి. ఎక్కువ తక్కువలని తర్వాత ఎవరూ గొణక్కుండా ఆ ఏర్పాటు. ఆ ఏడు పెద్దవాడు ఎమెలే. అతని తరఫున నిలబడింది కోడలు. పేరు పలకాలంటే ఆమె పేరే పలకాలి.

"ఇదెవరికి?" అన్నాడు రెయినో. ఎమెలి ఒక పేరు చెప్పాడు. ఇంకో కుప్ప, ఇంకో పేరు. ఒక్కొక్కరే సంచులు విప్పుకుని ముందుకొచ్చారు. సైమి ఖాళీ గోనెతో గుమ్మం దగ్గర నిలబడి, ముసలాయన వీపు చూస్తూ ఉండిపోయింది. చివరికి ఒకే కుప్ప మిగిలింది.

"ఇదెవరికి?"

గోడవైపు నుంచి మాట రాలేదు. ఎవరో దగ్గారు. ఓయివా నేల చూశాడు.

"ఎమెలీ, ఇదెవరికయ్యా?" అన్నాడు రెయినో మళ్లీ.

"సైమికి," అన్నాడు ఎమెలి.

ఆమె గోనె పట్టుకుని రెండడుగులు వేసింది. ముసలాయన ఇటు తిరగలేదు. కుడిచెయ్యి నెమ్మదిగా ఎత్తి, కోటు మీంచే తన భుజం పట్టుకున్నాడు.

"నాకూ నొప్పెట్టేదే పిల్లా," అన్నాడు గోడతో. "పేల్చిన ప్రతిసారీ."