ఈ వెర్షన్ మాత్రమే

మా నాన్న బస్సు డ్రైవరుగా రిటైరయ్యాడు. షుగర్ వల్ల చూపు పోయాక, పేపరు చదివి వినిపించేలా ఆయన ఫోన్‌లో ఒక ప్రోగ్రాం పెట్టాను. చదివే గొంతు ఎవరో తయారుచేసి ఉచితంగా వదిలినది. అది "కి.మీ."ను "కిమీ" అని చదివితే నాన్నకు చిర్రెత్తుకొచ్చేది. అందుకని పొట్టి మాటల్ని పూర్తిగా పలికించే మరో ఉచిత కోడ్‌ను జోడించాను.

నాన్న బస్సులో కండక్టరుగా చేసినాయనకూ చూపు లేదు. రోజూ వచ్చి పక్కన కూర్చుని వినేవాడు. కొడుకుతో గుడిమల్కాపూర్‌కు మారాక రావడం కుదరలేదు.

"వాని ఫోన్ల గూడ ఎక్కియ్యి బిడ్డా," అన్నాడు నాన్న.

అక్కడే చిక్కొచ్చింది. ఉచితమైనా ఇలాంటివాటికి లైసెన్స్ అని, ఎలా వాడాలో ఎలా పంచాలో షరతులుంటాయి. గొంతుది ఒక లైసెన్స్ కొత్త వెర్షన్, కోడ్‌ది అదే లైసెన్స్ పాత వెర్షన్. కోడ్ రాసినతను "ఈ వెర్షన్ మాత్రమే" అని పెట్టాడు. అన్నదమ్ములే గానీ ఒక పంక్తిలో కూర్చోరు. రెండూ కలిపి ఇంట్లో వాడుకోవచ్చు; ఇంకొకరికి ఇస్తే రాసినవాడి హక్కు మీరినట్టే.

"గుడిమల్కాపూర్ల ఎవడు చూస్తడు?" అన్నాడు ఆఫీసు మిత్రుడు. నాకు ఒళ్లు మండింది. కోడ్ మూసేసి సొంతంగా రాద్దామని కూర్చున్నాను. ఎన్నిసార్లు చదివానో ఏమో, వరసంతా ఆ కోడ్ రాసినతనిదే వచ్చింది. గుర్తున్నది రాసినా కాపీయే. చెరిపేశాను. అనుమతి అడుగుతూ పెట్టిన ఈమెయిళ్లకు జవాబు రాకపోతే వాకబు చేసి, అతణ్ణే వెతుక్కుంటూ వెళ్లాను.

అఫ్జల్‌గంజ్‌లో వాళ్లది స్టీలు సామాన్ల దుకాణం. బిందెల మధ్య నుంచి తల ఎత్తకుండానే, "ఇయ్యనక్కా," అన్నాడు. "ఒక కంపెనోళ్లు నా పేరు తీసేసి అమ్ముకున్నరు. గప్పుడు నన్నెవరడిగిన్రు? గందుకే కోడ్ రాసుడే బంద్ చేసిన."

"అడగకుండ పంచితే నేను గూడ గా కంపెనీనే గదా. ఒప్పుకునేదాంక వస్తనే ఉంట."

మర్నాడు నాన్న ఫోన్ పట్టుకెళ్లాను. దుకాణం లొల్లిలోనే పేపరు చదివించాను. "కిలోమీటర్లు" అని స్పష్టంగా వినబడగానే బిందె తుడుస్తున్న అతని చేతిలో గుడ్డ ఆగింది.

"గిది నాదేనా?"

"నీదే."

"పేరు ఉంటదా?"

"తీసెయ్యనీకి నాకు గూడ హక్కు లేదు తమ్మీ."

తన కోడ్‌ను లైసెన్స్ కొత్త వెర్షన్ కింద కూడా వాడుకోవచ్చని, పంచుకోవచ్చని, నిలబడ్డచోటే ఒక్క వాక్యం టైపు చేసి పంపాడు.

ఆ ఆదివారం నాన్నను తీసుకుని గుడిమల్కాపూర్ వెళ్లాను. కండక్టరు ఫోన్‌లో ప్రోగ్రాం ఎక్కించి పేపరు తెరవబోతుంటే నాన్న ఆపాడు.

"ముందు గా పిలగాని పేరు చదివియ్యి."

ఫోన్ చదివింది. కండక్టరు మెడ నిక్కించి, స్టాపు పేరు చెప్పినట్టే, వీధంతా వినబడేలా ఆ పేరు మళ్లీ చెప్పాడు.