కొప్పు కట్టేదాకా

దేవరిల్లు కట్టేటప్పుడు నడిమధ్య కప్పు మోసే నిట్రాట పాతిన దగ్గర్నుంచి పైన కొప్పు కట్టేదాకా దీపం పట్టిన పిల్ల గీత దాటకూడదు. మా గూడెం ఆనవాయితీ అది. గీత అంటే ఇల్లు లేవబోయే చోటు చుట్టూ గుండ్రంగా పోసిన బూడిద. తెల్లారేసరికి నిట్రాట పాతి, దాని మొదట్లో దీపం పెట్టి, పెళ్లికాని ఆడపిల్లను పక్కన కూర్చోబెడతారు. మగవాళ్లు చుట్టూ వాసాలు కడతారు, ఆడవాళ్లు తాటాకు అందిస్తారు, పొద్దు గుంకేలోపు వాసాలన్నీ కలిసే చోట ఆకు బిగించి కొప్పు కట్టేస్తారు. అప్పుడు ఆ పిల్ల బయటికొచ్చి అందరితో కలిసి అన్నం తింటుంది. ఒక్క రోజు పని. ఆ ఒక్క రోజు అన్న మాట నమ్మే నేను ఒప్పుకున్నాను.

మేం యానాదులం. దర్శికి అవతల, సాగర్ కాలవ కింద మిరప, పత్తి పండే ఊళ్ల మధ్య మా గూడెం. మావాళ్లు ఆసామి చేలకు కాపలా ఉండేవాళ్లు, కోతలప్పుడు మిరపకాయ కోసేవాళ్లు, పొలాల్లో ఎలుకలు పట్టేవాళ్లు. దేవరిల్లంటే ఊళ్లోవాళ్లు గుడి అనుకునేవారు. లోపల అమ్మవారి రాయి ఉంటుంది గానీ అది ఉత్త గుడి కాదు. గుండ్రటి తాటాకు ఇల్లు. ఎంత పొట్టి మనిషైనా వంగే దూరాలి. బిడ్డలకు పేర్లు పెట్టేది అక్కడే, తగువులు తెంచేది అక్కడే, పెద్దమనిషైన పిల్లను కూర్చోబెట్టేది అక్కడే, పోయినవాళ్లను తలుచుకుని పాడేదీ అక్కడే.

పాతది ఓ గాలివానకు పడిపోయింది. అది నిలిచిన జాగా పక్క చేలో కలిసిపోయింది. ఎవరూ కలపలేదు, దానంతటదే కలిసిపోయింది, అలాగే చెప్పాలి కాబోలు. ఆ తర్వాత చాలా ఏళ్లు మా గూడేనికి కూడి కూర్చోవడానికి చోటు లేదు. తగువులు రోడ్డు మీద జరిగేవి, దారినపోయేవాళ్లు సైకిళ్లాపి చూసేవాళ్లు. నేను పెద్దమనిషినైనప్పుడు మా అమ్మ గుడిసెలోనే ఓ మూల చాప అడ్డం కట్టి కూర్చోబెట్టింది. మా నాయనమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు.

మా మేనమామ గూడేనికి పెద్ద. కాలవ గట్టు పక్కన ఓ పోరంబోకు ముక్క కోసం ఆయన తిరగని ఆఫీసు లేదు. ఆఖరికి పంచాయతీవాళ్లు కట్టుకోమన్నారు, అయితే వేసవిలోపు ఇల్లు లేవకపోతే దాన్ని మిరప కల్లానికి ఇచ్చేస్తామని కూడా అన్నారు. ఇంకో మాట కూడా చెప్పాలి. పిల్ల గీత దాటితే పాతిన నిట్రాట పీకేయాలి, పీకిన చోట మళ్లీ పాతకూడదు. అంటే నేను కాలు బయటపెడితే ఇల్లూ పోతుంది, జాగా కూడా పోతుంది.

ఆ ఏడే నేను పదో తరగతి. మా గూడెంలో అంతకుముందు పదిదాకా వచ్చినవాళ్లు లేరు. పరీక్షలు దగ్గరికొచ్చాయి, నన్ను వదిలేయండి అన్నాను. దీపం పట్టడం మా నాయనమ్మ ఇంటి వంతు, ఆ ఇంట్లో పెళ్లికాని పిల్లను నేనొక్కదాన్నే. "పొద్దున కూర్చుంటావు, సాయంత్రం లేస్తావు, ఆ మాత్రానికి నీ చదువేం అరిగిపోద్దే" అన్నాడు మామ.

ఆకు అప్పటికే కోసి ఉంది. కాలవ అవతల ఓ రైతు తాటితోపులో కోసి, సాపుగా అణగడానికి రాళ్లు పెట్టి ఉంచారు. పొద్దున్నే ఆసామి ట్రాక్టరు మీద తెస్తామన్నారు. మా అమ్మ మాత్రం నిట్రాట ఎత్తేముందు మామను ఆపి చూసింది.

"ఆకు రానీ అన్నా, అప్పుడు పాతుదువు."

"గడియ దాటిపోద్దే. ఆకు యాడికి పోద్ది, దానికేమన్నా కాళ్లున్నయ్యా?"

మావాళ్ల లెక్క అలాంటిది. కోసిన ఆకు వచ్చిన ఆకే, చూసిన చేప పట్టిన చేపే. నిట్రాట పాతారు. మామ కొన్నాళ్లు మార్టూరు వైపు రాళ్ల పనికి వెళ్లొచ్చినప్పుడు తెచ్చుకున్న నున్నటి గ్రానైటు ముక్క ఒకటి నాకు కూర్చోడానికి వేశాడు. నాయనమ్మ దీపం వెలిగించింది. వాసాలు లేచాయి. ఎండ ఎక్కేదాకా అందరూ పాడుతూనే ఉన్నారు, నేనూ పాడాను.

తర్వాత పడమర మబ్బు పట్టింది. మార్చి నెలలో వాన రాకూడదు. ఆ రోజుల్లో ఏ కల్లం చూసినా మిరపకాయ పరిచి ఉంటుంది, నేల కనపడనంత ఎర్రగా. ఆసామి మోటారు సైకిలు మీద గట్టెక్కి వచ్చి దిగకుండానే అరిచాడు.

"ఒరేయ్, కాయంతా కల్లంలో ఉందిరా! ఎక్కడివాళ్లక్కడ వదిలేసి రండిరా!"

వదిలేసి పోయారు. పోక ఏం చేస్తారు? ఏడాదంతా ఆయన చేలోనే బతుకు. తడిసిన కాయ తెల్లబడి తాలైపోతే ఆయనకెంత నష్టమో వీళ్లకూ అంతే. ఆయన నన్ను కూడా చూశాడు. "నువ్వు కూడా రామ్మా, ఒక చెయ్యి వెయ్యి" అన్నాడు.

"ఆ పిల్ల రాకూడదయ్యా. గీతలో ఉంది" అన్నాడు మామ.

ఆసామి బూడిద వంక చూశాడు, ఆకాశం కనపడుతున్న వాసాల వంక చూశాడు, బండి తిప్పుకున్నాడు.

వాన దంచింది. నేను దీపం మీద సత్తు బొచ్చె అడ్డం పట్టుకుని కూర్చున్నాను. నడవలేదు కాబట్టి నాయనమ్మ ఒక్కతే మిగిలింది. తల మీద ఎరువుల సంచి వేసుకుని గీతకు అవతల కూర్చుని, "ఆరనీకు, ఆరనీకు" అంటూనే ఉంది. నేను చలికి వణుకుతున్నానని మాత్రం ఒక్కసారి కూడా అనలేదు. ఆ రోజు నాకు ఆమె మీద వచ్చినంత కోపం ఇంకెవరి మీదా రాలేదు.

వాన వెలిశాక మామ తోపుకు వెళ్లాడు. కాళ్లు లేని ఆకు నిజంగానే పోయింది. తోపు రైతుకూ కల్లంలో కాయ ఉంది, కప్పడానికి పట్టాలు చాల్లేదు, పక్కనే సాపుగా అణిగిన ఆకు కుప్ప కనపడింది. మొత్తం లాగి కాయ మీద వేసేశాడు. దాని మీద మనుషులు నడిచారు, ట్రాక్టరు కూడా తిరిగింది. మామ చేతిలో బురద కొట్టుకుపోయిన రెండు మట్టలతో తిరిగొచ్చాడు. కళ్ల ముందు కాయ తడుస్తుంటే ఎవరు మాత్రం ఊరుకుంటారు అని ఇప్పుడంటున్నాను. అప్పుడైతే ఆ రైతును నోటికొచ్చినట్టు తిట్టాను.

మళ్లీ ఆకు కోద్దామంటే మనుషులేరీ? ముసురు వదల్లేదు. కాసేపు ఎండొస్తే కాయ పరవడం, మబ్బు కమ్మితే కుప్ప చేసి కప్పడం, మళ్లీ పరవడం, తాలు ఏరడం. గూడెమంతా కల్లంలోనే. మనుషుల్ని వదలమని మామ అడిగితే, "కాయ ఇంటికి చేరనీరా, ఆ తర్వాత మీ ఇష్టం" అన్నాడు ఆసామి.

నేను మాత్రం గీతలోనే ఉండిపోయాను.

బయటికెలా వెళ్లేదానివని అందరూ అడుగుతారు కాబట్టి అదీ చెప్పేస్తాను. నాయనమ్మ వెనక వైపు తడికెలు కట్టించి, బూడిద గీతను అక్కడిదాకా పెంచింది. గీత దాటడానికి వీల్లేదట గానీ పెంచుకోవచ్చట. "అయితే బస్టాండు దాకా పెంచవే ముసిలీ" అన్నాను. ఆమె నవ్వింది. నేను సరదాకి అనలేదు.

అక్కడ గోడల్లేవు. ఎటు చూసినా బయలే. అదే నన్ను చంపింది. జైల్లో అయితే గోడుంటుంది, కనీసం దాన్ని తిట్టుకోవచ్చు. నాకు వాసాల సందుల్లోంచి కాలవ కనపడేది, చేలు కనపడేవి, గట్టు మీద దర్శి బస్సు పోవడం కనపడేది. బస్సులో మా స్కూలు పిల్లలు కిటికీల్లోంచి తలలు పెట్టి నన్నే చూసేవాళ్లు. ఒకమ్మాయి చెయ్యి ఊపింది. నేను పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకున్నాను. కల్లాల మీంచి గాలి తిరిగితే ఘాటుకి తుమ్ములు, కళ్ల వెంట నీళ్లు. చదివిన పేజీనే మళ్లీ చదివేదాన్ని. రాత్రిళ్లు నిట్రాటను ఆనుకుని పడుకుంటే, కాలవ నీళ్ల చప్పుడు కూడా నన్ను వదిలేసి ఎటో పోతున్నట్టుండేది.

ఆసామి కబురు పెట్టాడు, కాయ మీదది ఒక పట్టా ఇస్తాను, అది కప్పేసి పిల్లను లేపండని. మామకు ఆశ పుట్టింది. నాయనమ్మ ఒప్పుకోలేదు. "మళ్లా మబ్బేస్తే పట్టా లాక్కపోతాడు. అప్పుడు అమ్మోరి నెత్తిన ఏముంటది?" అంది. ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు. అందుకే ఇంకా ఒళ్లు మండింది.

పరీక్ష ముందు రోజు సాయంత్రం అమ్మ కల్లం నుంచి నేరుగా వచ్చింది. చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి. గీతకు అవతల నిలబడి ఒకటే మాట అంది.

"దాటు."

"అమ్మా..."

"దాటవే. ఏమవుద్దో నేను చూసుకుంటా. పొద్దున బస్సు ఉంది."

నేను నాయనమ్మ వైపు చూశాను. వద్దంటుందనుకున్నాను. వద్దంటే దాటేసేదాన్ని, ఆ మొండితనం నాకుంది. ఆమె మోకాళ్ల మీద గడ్డం ఆనించుకుని, "నీ ఇష్టం తల్లీ" అంది.

అంతకంటే గట్టిగా నన్ను ఎవరూ కట్టేయలేరు. కాలెత్తాను. అవతల అంతా మామూలు నేలే, బురద, మేక అడుగులు. ఆ నేల మీద కాలు మోపితే మా గూడెం మళ్లీ రోడ్డు మీద కూర్చుంటుంది. మోపకపోతే వచ్చే ఏడు నేను కూడా ఆ కల్లంలో తాలు ఏరుతుంటాను. కాలు వెనక్కి తీసుకున్నాను. తీసుకుని, మీ దేవరా వద్దు, మీ చదువూ వద్దు, నన్ను కన్నదెందుకని అమ్మ మీదే అరిచాను. అమ్మ వెనక్కి తిరిగి గూడెంలోకి వెళ్లిపోయింది. అలిగిందనుకున్నాను.

కాసేపటికి గూడెం వైపు నుంచి ఎండుటాకు విరుగుతున్న చప్పుడు వచ్చింది. లేచి చూశాను. అమ్మ మా గుడిసె మీద ఉంది. చీర బిగించి కట్టుకుని, కప్పు మీద మోకాళ్లూని, ఆకు పీకి కింద పడేస్తోంది. మామ పరిగెత్తాడు.

"ఏం చేస్తన్నావే! వాన నెత్తిన పెట్టుకుని!"

"ఈ ఆకు తీసుకుపోయి కొప్పు కట్టన్నా. నా కూతురు పొద్దున బస్సెక్కాలి."

"నీ ఒక్క ఇంటి ఆకు యాడికి సరిపోద్దే?"

దానికి జవాబు అమ్మ చెప్పలేదు. పక్కింటామె చెప్పింది, మాటతో కాదు, తన గుడిసె చూరు పట్టుకుని ఒక్క లాగు లాగి. ఆ తర్వాత ఎవరూ ఎవర్నీ అడగలేదు. ఒకరు ఒక పక్క కప్పు, ఒకరు రెండు పక్కలా. ఆడవాళ్లు నెత్తిన మోసుకొచ్చి గీత పక్కన పడేశారు. పొగ పట్టి నల్లబడ్డ ఆకు. మామ చేతిలోకి తీసుకుని నాయనమ్మ ముందు కూర్చున్నాడు. దేవరింటికి కొత్తాకే వాడాలి గదా అని ఆయన బాధ. నాయనమ్మ ఒక మట్ట ముక్కుకు ఆనించుకుంది.

"మన పొయ్యిల పొగ తాగిన ఆకురా ఇది. ఇంతకంటే మనది అనేది ఇంకేముంది? ఎక్కు."

కప్పు మూసుకుపోవడం లోపలి నుంచి చూసింది నేనొక్కదాన్నే. కింద నుంచి వరుస మీద వరుస వచ్చింది. ముందు కాలవ పోయింది, తర్వాత గట్టు, తర్వాత బస్సు పోయే రోడ్డు. ఆఖరికి నెత్తిన చిల్లంత ఆకాశం మిగిలింది. మామ చెయ్యి దాని మీద అడ్డంగా వచ్చింది, నార బిగిసిన చప్పుడు వినపడింది. బయట ఆడవాళ్లు సంబరంగా కేకలేశారు. సంతోషపడాల్సింది పోయి నాకు ఊపిరాడలేదు. వంగి బయటికొచ్చాను. అమ్మ అప్పటికే కాలితో బూడిద చెరిపేస్తోంది.

పొద్దున బస్సెక్కాను. నా ఒంటికి పొగ వాసన, మిరప ఘాటు, ఎవరూ పక్కన కూర్చోలేదు. తెలుగు పేపరు సగంలో ఉండగా వాన మొదలైంది. హాల్లో పిల్లలందరూ చల్లబడిందని కిటికీల వైపు చూశారు. నేను తలెత్తి శ్లాబు వైపు చూశాను, ఒక్క చుక్క కారడం లేదు. మా గుడిసెలు గుర్తొచ్చాయి. ఇక నేను తప్పడానికి వీల్లేదని అక్కడే అర్థమైంది. తప్పలేదు. తర్వాత ఉద్యోగమూ వచ్చింది. దూరం ఊరు వేస్తామన్న ప్రతిసారీ ఏదో వంక చెప్పి ఈ చుట్టుపక్కలే ఉండిపోయాను. నన్నెవరూ ఉండమనలేదు. నీ ఇష్టం అన్నారు.

పరీక్ష రాసిన ఆ మధ్యాహ్నం తడుస్తూ గూడేనికి వచ్చేసరికి గుడిసెల్లో ఎవరూ లేరు. కప్పుల్లేని గోడలు, లోపల బురద. జనమంతా దేవరింట్లో ఉన్నారు. పిల్లలు, ముంతలు, కోళ్లు, బియ్యం మూటలు, ఒకరి ఒళ్లో ఒకరు. చాలా ఏళ్ల తర్వాత మా గూడెం ఒక కప్పు కింద కూర్చుంది. నేను వంగి లోపలికి తల పెట్టగానే అందరూ నా వైపు తిరిగారు. "ఎట్టా రాశావే?" అని అమ్మే అడిగింది.

"బాగా రాశాను" అన్నాను.

జరిగి జరిగి చోటు చేశారు. మిగిలిన చోటల్లా నిట్రాట పక్కన ఆ గ్రానైటు ముక్క మీదే. కూర్చున్నాను. పాత ఆకు గదా, కొప్పు దగ్గర సన్నగా కారుతోంది. ఒక బొట్టు దీపం మీదకు జారబోయింది. ఎవరూ చెప్పకముందే నా చెయ్యి వెళ్లి అడ్డం పడింది.