మాస్టారు నిలబడ్డ చోటు

మాస్టారు పోయారని మొన్న పొద్దున బాపట్ల నుంచి ఆయన భార్య ఫోన్ చేసింది. అప్పుడు నేను తెనాలి గోడౌన్లో ఫోర్క్‌లిఫ్ట్ మీద ఉన్నాను. బండి ఆపి ఓనరుగారికి చెప్పాను. "అయ్యో పాపం" అన్నారు. "ఆ లోడు దించేసి వెళ్లమ్మా." దించేసే వెళ్లాను.

ఆయన బడి మాస్టారు కాదు. బోరు పైపులు నిలవచేసే ఆ గోడౌన్లో ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవరు. రేపల్లె నుంచి రైల్లో వచ్చి అక్కడ ఊడ్చుకునే నన్ను, "బండి నేర్చుకుంటావా అమ్మాయ్?" అని అడిగింది ఆయనే.

"మావాళ్లది పడవ పనండీ. నాకు సైకిలు కూడా రాదు."

"మరీ మంచిది. చెడ్డ అలవాట్లుండవు."

ఎక్కేముందు టైర్లను అరచేత్తో తట్టడం, బరువెత్తాక ఎవరితోనూ మాట్లాడకపోవడం ఆయన అలవాట్లు. నాకూ అవే వచ్చాయి.

రెండేళ్ల కిందట సరుకు పెరిగి స్థలం చాలలేదు. వరుసల మధ్య దారి తగ్గిద్దామన్నారు ఓనరుగారు. మాస్టారు అట్టముక్క మీద బొమ్మ గీసి చూపించారు. "మన బండి ఇరవై అడుగుల పైపుల్ని అడ్డంగా ఎత్తుద్దండి. దారి తగ్గితే పట్టదు. పక్క నుంచి ఎత్తే బండి ఉందండి. పైపుల్ని పొడుగునే పెట్టుకుని ఇరుకు సందులో తిన్నగా పోద్ది. అది తెప్పించండి, ఇంకో రెండు వరుసలు పడతాయి."

"ముందు దారి తగ్గించండి. బండి సంగతి తర్వాత చూద్దాం."

దారి తగ్గింది. పైపుల్ని వరుసలకన్నా ఎత్తుకు లేపి నడపాల్సి వచ్చేది. ఆ రోజు నడుపుతున్నది నేను. మాస్టారు ముందు నిలబడి చేత్తో దారి చూపిస్తున్నారు. పైపు కొస స్తంభానికి తగిలింది. కట్ట మొత్తం జారి ఆయన మీద పడింది. కుడికాలు మోకాలి పైదాకా తీసేశారు.

ఆసుపత్రిలో ఓనరుగారు నా వంక చూస్తూ "తప్పెవరిది?" అన్నారు.

"నాదేనండి. నిలబడకూడని చోట నిలబడ్డాను" అన్నారు మాస్టారు.

ఆ మాటే ఓనరుగారు కాగితం మీద రాయించి సంతకం పెట్టించుకున్నారు. ఆ కాగితం చూపించే తర్వాత పనిలోంచి తీసేశారు. నేను మంచం పక్కనే ఉండి నోరు విప్పలేదు. అప్పుడు చెప్పనిది ఇప్పుడు చదివే మీకు చెబుతున్నాను: నాకు పైపు కొసలు కనపడవు కనుకే ఆయన అక్కడ నిలబడ్డారు.

మూడు నెలలకు ఆయన చెప్పిన బండే వచ్చింది. కొబ్బరికాయ కొట్టి తాళం నా చేతికిచ్చారు. రెండు వరుసలూ పట్టాయి. బాపట్ల వెళ్లి చెప్పాను.

"సందులో అటూ ఇటూ ఎంత మిగులుద్ది?" అని అడిగారు.

"జానెడండి."

"చాలు. తొందరపడమాక."

లోపల్నుంచి ఆయన భార్య, "ఆ బండి కబుర్లు మా ఇంట్లో వద్దమ్మా" అంది. మళ్లీ వెళ్లలేదు నేను. మొన్ననే వెళ్లడం.

ఆయన్ను తీసుకెళ్లాక ఆమె నన్ను లోపలికి పిలిచింది. మంచం కింద నుంచి అట్టపెట్టె లాగింది.

"ఒక్క కాలికే అమ్మరు కదా. ఇవేం చేసుకోవాలి నేను?"

పెట్టెలో మూడు కుడికాలి చెప్పులు. దేనికీ మట్టి అంటలేదు.